తాళం వేసిన బ్యాటరీ

లిఫ్టక్కకి కోపం వస్తే పానాలపెట్టె సర్దుతుంది. ఎనిమిదో నంబరు, పదో నంబరు, పన్నెండో నంబరు, ఒక్కో పానా తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టెలోకి విసిరేస్తుంది. ఆ చప్పుడుని బట్టి కోపం ఏ మెట్టు మీదుందో ఇంట్లోవాళ్ళకి తెలిసిపోతుంది. ఆ ఆదివారం పొద్దున్న పెట్టె సర్దడం అప్పటికి మూడోసారి.

"పన్నెండో నంబరు ఏం పాపం చేసింది?" అన్నాడు భర్త, కిటికీ పక్క కుర్చీలోంచి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంటుంది కాబట్టి ఆయన మాటలు పొదుపుగా వాడతాడు. ఆ కాసిన్ని మాటల్లోనూ సగం ఎగతాళికే ఖర్చు పెడతాడు.

"మీ తమ్ముణ్ణి అడగండి."

తమ్ముడు భోజనాలబల్ల దగ్గర కూర్చుని ఏమీ విననట్టు వైర్లు వలుస్తున్నాడు. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. ఆదివారం వస్తే అన్నగారింటికి సంచీ నిండా సర్క్యూట్లు మోసుకొస్తాడు. మనిషి మెతక, పట్టుదల మాత్రం ఉడుంపట్టు. వదినదీ అదే పట్టు. ఒక ఇంట్లో రెండు ఉడుములుంటే గోడకే కష్టం.

ఆమె అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టులు బాగు చేస్తోంది. ఆ రోజుల్లో గ్రీజు చేతులతో లిఫ్టు గుంటలోంచి ఆడమనిషి పైకొస్తే జనం ఆగి చూసేవాళ్ళు, ఇప్పుడు "అక్కా, మా లిఫ్టు కూడా కాస్త చూడవూ" అంటారు. భర్త రాళ్ళకి పాలిష్ పట్టే మేస్త్రి. ఊళ్ళో సగం మేడల మెట్లు ఆయన చేతిలో మెరిసినవే. ఆ మెరుపు తాలూకు దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లో దిగి కూర్చుంది. రెండేళ్ళుగా కుర్చీ పక్కన ఒక మెషిన్. అది గదిలో గాలినే వడగట్టి ఆక్సిజన్ ఇస్తుంది. కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది. మెషిన్ ఆగితే పది నిమిషాల్లో ఆయన పెదాలు నీలంగా మారతాయి. అత్యవసరానికి మంచం కింద చిన్న సిలిండర్ ఉంది గానీ, అది ముప్పావుగంటకి మించి రాదు.

కరెంటేమో ఎండలు ముదిరాక రోజుకి రెండుసార్లు పోతోంది, ఒక్కోసారి మూడు గంటలు. షాపులో కొన్న ఇన్వర్టర్ ఆరు నెలలకే చేతులెత్తేసింది. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు. అప్పుడే ఆమె ఒంటికాలి మీద లేచి, "నేనే కడతాను" అంది. అన్నట్టే పదహారు లిథియం సెల్స్ తెచ్చి, వెనక బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన ఇనుప ర్యాక్‌లో వరసగా బిగించింది. సెల్స్ మీద వాటి రక్షణ బోర్డు, లావు ఫ్యూజు, కాంటాక్టర్ అన్నీ అమిరాయి. కాంటాక్టర్ అంటే టప్ మని అతుక్కుని, టప్ మని విడిపోయే పెద్ద స్విచ్చు. అది ఎప్పుడు అతుక్కోవాలో, ఎప్పుడు విడిపోవాలో చెప్పే కంట్రోలర్ ఒక్కటే మిగిలింది. ఆ కంట్రోలర్ దగ్గరే ఇల్లు రెండు ముక్కలై అప్పటికి రెండు నెలలు.

మరిది తెచ్చింది పేకముక్కంత కంప్యూటర్. ఫోనులో బొమ్మలు చూపిస్తుంది, గీతలు గీస్తుంది, ఏ సెల్ ఎంత వేడిగా ఉందో రంగుల్లో చెబుతుంది. లిఫ్టక్క తెచ్చింది ఇటుకంత బూడిదరంగు పెట్టె. కూల్చేసిన ఒక మేడలో లిఫ్టుని నడిపిన పెట్టె అది. పైకప్పు కింద పెనం లాంటి గదిలో పదకొండేళ్ళు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. దానికి తెర లేదు, బొమ్మల్లేవు. నాలుగు చిన్న లైట్లుంటాయి, అంతే.

"వదినా, ఇది చూడు. నువ్వు ఏ లిఫ్టు మీద కూర్చుని ఉన్నా ఫోనులో బ్యాటరీ కనబడుతుంది."

"బొమ్మలు తర్వాత. ఇది చచ్చిపోతే ఏం జరుగుతుంది?"

ప్రతి మెషిన్‌నీ ఆమె మొదట అడిగే ప్రశ్న అదే. లిఫ్టు బ్రేకుని స్ప్రింగు పట్టుకుని ఉంటుంది, కరెంటు వస్తేనే వదులుతుంది. కరెంటు పోనీ, వైరు తెగనీ, లోపలి మెదడు కాలిపోనీ, లిఫ్టు ఉన్నచోటే ఆగుతుంది. అనుమానమొస్తే ఆగు. ఆగిన లిఫ్టు ఎవర్నీ చంపదు. ఈ మాట ఆమె కొత్తగా పనిలో చేరినవాళ్ళందరికీ చెబుతుంది, ఇంట్లో కూర పొయ్యి మీద ఉన్నప్పుడు కూడా చెబుతుంది.

"చచ్చిపోతే మళ్ళీ లేస్తుంది. నిమిషమున్నర పడుతుంది," అన్నాడు మరిది.

"లేస్తుందా? ఇరవైసార్లు ప్లగ్గు పీకుతాను. ఇరవైసార్లూ లేస్తే నీదే పెడదాం."

పీకింది. లేచింది. పీకింది. లేచింది. మరిది ముఖం విప్పారుతోంది. పదకొండోసారి పీకి పెడితే ఆ పేకముక్క ఎర్రదీపం వెలిగించుకుని అలాగే ఉండిపోయింది. రెండు నిమిషాలైంది, అయిదైంది, లేవలేదు.

"మెమరీ కార్డు పోయింది. మంచిది వేస్తే ఈ గొడవ ఉండదు వదినా."

ఆమె తన బూడిద పెట్టెకి ప్లగ్గు పెట్టింది. ఇరవైసార్లు పీకింది. ఇరవైసార్లూ రెప్పపాటులో లేచింది. ఇరవై ఒకటోసారి కూడా పీకింది, అవసరమై కాదు, మరిదిని ఉడికించడానికి. గెలిచినవాళ్ళు అక్కడ ఆగితే ఈ కథే ఉండేది కాదు.

మరిది ఓటమి ఒప్పుకున్నాడు. "సరే, నీదే పెట్టు. నాది పక్కనుంచు. ఏ స్విచ్చూ ముట్టుకోదు, ఊరికే చూస్తూ ఉంటుంది. తేడా వస్తే మన ముగ్గురి ఫోన్లకీ కబురు పంపిస్తుంది."

"కబుర్లు చెప్పడానికి ఇంట్లో నువ్వొకడివి ఉన్నావు, చాలదూ?"

కిటికీ పక్కన భర్త నవ్వబోయి దగ్గాడు. మరిది నవ్వలేదు. ఆమె గీసిన వైరింగ్ కాగితం ముందుకి లాక్కుని, వేలితో ఒకచోట ఆగాడు. "ఇక్కడ ఈ తాళం ఏంటి?"

"రీసెట్ తాళం. ఏ చిన్న తేడా వచ్చినా పెట్టె బ్యాటరీని విడగొట్టేస్తుంది. ఎందుకు విడిపోయిందో మనిషి వచ్చి, కళ్ళతో చూసి, తాళం తిప్పితేనే మళ్ళీ కలుస్తుంది. లిఫ్టుల్లో ఇదే పద్ధతి."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే. ఇంకెవరి దగ్గరుంటుంది?"

"నువ్వు ఇంట్లో లేకపోతే?"

"వస్తాను."

"దీనికింత హంగామా ఎందుకు వదినా? అంతగా అయితే వెనకనుంచి ఈ రెండు వైర్లూ కలిపేస్తే..."

మాట పూర్తి కాలేదు. ఆమె చేతిలో పానా బల్ల మీద పడ్డ చప్పుడుకి కింది వాటావాళ్ళు తలెత్తి చూసి ఉంటారు.

రెండు వైర్లు కలిపెయ్యడం. ఆ పనికి వాళ్ళ వృత్తిలో పేరు జంపర్. ఆడపిల్లకి పని నేర్పలేమని అందరూ మొహం చాటేసిన రోజుల్లో ఆమె చేతికి పానా ఇచ్చిన పెద్దమేస్త్రి, ఒక జంపర్ వల్లే పోయాడు. ఎవడో పది నిమిషాలకని తలుపు మూసుకుంటేనే లిఫ్టుని కదలనిచ్చే కాంటాక్టుకి ముక్క వైరు కలిపి, తీయడం మర్చిపోయాడు. మర్నాడు తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలింది. అప్పుడు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డది ఆమే. ఆ పచ్చ వైరు ముక్కని ఆఫీసు స్టోరుగదిలో మేకుకి తగిలించింది. ఆనాటి నుంచి ఎక్కడ జంపర్ కనబడ్డా కత్తిరించి తెచ్చి, తేదీ, మేడ పేరు, అది పెట్టినవాడి పేరు అట్టముక్క మీద రాసి, అదే మేకుకి తగిలిస్తుంది. ఆ మేకు మీద పేరెక్కడం కన్నా ఉద్యోగం పోవడం నయమని కుర్రమెకానిక్కులు అనుకుంటారు.

"నా ఇంట్లో, నా ముందు, జంపర్ మాట ఎత్తుతావా? మీ అన్న ఊపిరి నీకు ఆటబొమ్మలా ఉందా? ఆదివారం పొద్దుపోక వస్తావు, నాలుగు వైర్లు కెలుకుతావు, పోతావు. పొద్దున్న లేస్తే ఆ మనిషిని చూసుకునేది నేను!"

మరిది లేచాడు. వైర్లు, పేకముక్క, స్క్రూడ్రైవరు ఒక్కొక్కటే సంచీలో పెట్టుకున్నాడు.

"నన్ను చదివించింది అన్నయ్య. ఆయన మింగిన దుమ్ములో సగం నా చదువుదే. అది మీకూ తెలుసు. మీరు దాన్ని ఆట అంటున్నారు."

మీరు అన్నాడు. ఆమె పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పుడు వాడు తొమ్మిదేళ్ళ పిల్లాడు. ఆ రోజు నుంచి ఆమెని నువ్వు అని తప్ప పిలిచి ఎరగడు. ఆ మాట ఆమెకి చురుక్కుమంది, చురుక్కుమన్నందుకు ఇంకా మండింది. ఆపలేదు. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక భర్త వైపు చూసింది. ఆయన ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మూసి, కిటికీ వైపు తిరిగాడు. ఊపిరాడక ఊరుకున్నాడనుకుంది.

బూడిద పెట్టె బిగించింది. తాళం బిగించింది. తాళంచెవిని నడుముకి వేలాడే గుత్తిలో చేర్చింది. ఐదువారాలు అంతా భేషుగ్గా నడిచింది. కరెంటు పోయిన మరుక్షణం బాల్కనీలోంచి టప్ మని చప్పుడు, ఆక్సిజన్ మెషిన్ ఒక్క గుటక కూడా ఆగకుండా నడవడం. ఆ టప్ వింటే ఆమెకి ఛాతీ పొంగేది. ఆఫీసులో అందరికీ చెప్పుకుంది. మరిది ఆదివారాలు రావడం మానేశాడు. ఆమె పనికెళ్ళిన వేళ చూసి వచ్చి, అన్నతో గంటసేపు కూర్చుని వెళ్ళిపోతున్నాడు. సాయంత్రం సింకులో రెండు గ్లాసులు కనబడితే ఆమెకి అర్థమయ్యేది. ఆ గ్లాసుల్ని కూడా కోపంగానే తోమేది.

ఆ బుధవారం ఆమె ఒక ఆఫీసు మేడ అడుగున, లిఫ్టు గుంటలో ఉంది. గుంటలో ఫోనుకి సిగ్నల్ ఉండదని సంచీతో పాటు పైన వదిలేసింది. తాడు మార్చి, చేతులు తుడుచుకుంటూ పైకొచ్చేసరికి రెండు దాటింది. ఫోనులో పందొమ్మిది మిస్డ్‌కాల్స్. పన్నెండు భర్తవి. ఏడు మరిదివి. మరిది ఫోను చేసి ఐదువారాలైంది.

మరిదికి చేసింది.

"అన్నయ్య బానే ఉన్నాడు," అన్నాడు వాడు. గొంతు అరిగిపోయినట్టుంది. "మెల్లగా రండి."

మెల్లగా రండి అంటే ఏ మనిషైనా మెల్లగా వస్తుందా? దొరికిన బండెక్కింది. వాళ్ళ మేడలో కరెంటు లేదు, లిఫ్టు ఆగి ఉంది. ఊరందరి లిఫ్టులూ బాగు చేసే మనిషి నాలుగంతస్తులు రొప్పుతూ ఎక్కింది.

మెషిన్ నడుస్తోంది. ముందు ఆ చప్పుడే చెవిన పడింది. భర్త కుర్చీలో ఉన్నాడు. ముఖం బూడిదలా ఉంది గానీ పెదాలు ఎర్రబడుతున్నాయి. మరిది గోడకి ఆనుకుని నేలమీద కూలబడి ఉన్నాడు, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. భర్త కళ్ళు తెరిచి ఆమెని చూశాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఆమె గుండె కుదుటపడింది. కుదుటపడ్డ మరుక్షణం కాళ్ళు బాల్కనీ వైపు నడిచాయి.

పెట్టె మూత ఒకే స్క్రూ మీద వేలాడుతోంది. తాళం చుట్టూ రేకు వంగిపోయి ఉంది. తాళం వెనక రెండు వైర్ల మధ్య, చేత్తో మెలిపెట్టి, ఒక ఎర్ర వైరు ముక్క.

జంపర్.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకి తెలిసింది. ఏం జరిగిందని అడగలేదు. పన్నెండు కాల్స్ ఎందుకొచ్చాయో అడగలేదు. ఇదుగో, ఈ ముక్క చాలు ఆమె కళ్ళకి, పాతికేళ్ళ కిందటి టార్చిలైటు వెలుగంతా తిరిగొచ్చింది.

"ఎవడు పెట్టాడిది?" గది మధ్యకొచ్చి అరిచింది. "నా పెట్టె ముట్టుకోవద్దన్నానా లేదా? పదహారు సెల్స్ ఉన్నాయక్కడ! ఎందుకు విడిపోయిందో చూశావా? కాలుతోందో, ఉబ్బుతోందో చూశావా? మంట లేస్తే? లేచి పరిగెత్తలేని మనిషిని పక్కన పెట్టుకుని జంపర్ వేస్తావా? మాట్లాడవేం?"

"ఆపు," అన్నాడు భర్త.

పెద్దగా అనలేదు. పెద్దగా అనేంత గాలి లేదు. కానీ ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు ఆమె వినలేదు. ఎగతాళి లేదందులో.

"ఒంటిగంటకి కరెంటు పోయింది. టప్ మంటుందని చూశాను. అనలేదు." ఊపిరి తీసుకున్నాడు. "సిలిండర్ పెట్టుకున్నాను. నీకు చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వీడికీ చేశాను. సిలిండర్ ఈడ్చుకుంటూ బాల్కనీలోకి వెళ్ళాను. ఎర్రలైటు వెలుగుతోంది. పక్కన ఛార్జి మీటరు మీద పెద్ద అంకెలు చూశాను. నూటికి తొంభై ఎనిమిది."

ఆగాడు. మెషిన్ రెండుసార్లు గుటకేసింది.

"నిండా ఉంది. అర్థమైందా? సిలిండర్లో ముల్లు కిందికి దిగుతోంది. నా ఎదురుగా బ్యాటరీ నిండా ఉంది. మధ్యలో నీ తాళం. తాళంచెవి నీ నడుముకి. నువ్వెక్కడో నూతిలో."

"ఏదో అనుమానం వచ్చే విడిపోయిందండీ," అంది ఆమె. "అనుమానమొస్తే ఆగాలి. ఆగిన..."

"ఆగిన లిఫ్టు ఎవర్నీ చంపదు. వెయ్యిసార్లు విన్నాను." కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "నేను లిఫ్టునా?"

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. కోపంలో వాటా వాడికీ ఉంది.

"నువ్వు మాత్రం? ఫోన్లో బొమ్మలట. గీతలట. కళ్ళజోడు లేకుండా నాకు ఆ గీతలు కనబడతాయా? మూడు నెలలు కొట్టుకు చచ్చారు ఇద్దరూ, ఎవరి పెట్టె గొప్పదని. పీల్చేది నేను. నీకేం కావాలని నన్నడిగారా ఒక్కరైనా? ఆ రోజు చెబుదామని నోరు తెరిచాను. మీ అరుపులు విన్నాక చెప్పబుద్ధి కాలేదు. మీకు ఊపిరెక్కువ."

అంత మాట్లాడినందుకు ఆయనకి ఆయాసం వచ్చింది. ఇద్దరూ ఒక్కసారే లేచి దగ్గరకి రాబోతే, చెయ్యెత్తి అక్కడే ఉండమన్నాడు.

ఆమె బాల్కనీలోకి వెళ్ళింది. చేతులు పని వెతుక్కున్నాయి. ప్రతి సెల్‌నీ అరచేత్తో తాకి చూసింది, అన్నీ చల్లగా ఉన్నాయి. ఒక్కటీ ఉబ్బలేదు. వేడి కొలిచే సెన్సరు ప్లగ్గు కొద్దిగా వదులై వేలాడుతోంది. ర్యాక్‌కి ఆనుకుని వాషింగ్ మెషిన్. దాని గాజుతలుపు వెనక పొద్దున్న పనికెళ్ళేముందు తనే వేసిన బట్టలు, తన యూనిఫారం పైనే ఉంది. సంచీలోంచి లిఫ్టులకి వాడే చేతి తెర తీసి పెట్టెకి తగిలించి, అందులో నమోదైన టైము చూసింది. ఎనిమిది యాభై రెండు. తను ఎనిమిదీ నలభై అయిదుకి బయల్దేరింది. బట్టలు పిండే తిరుగుడుకి ర్యాక్ అదిరింది, ప్లగ్గు ఒక్క క్షణం ఊడి మళ్ళీ తగులుకుంది. పెట్టెకి అనుమానం వచ్చింది, తను నేర్పినట్టే ఆగిపోయింది. ఇంటికి కరెంటు ఉన్నంతసేపూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. నాలుగు గంటలు ఎర్రలైటు ఖాళీ బాల్కనీలో వెలిగింది. మరిది పేకముక్క ఉండి ఉంటే ఎనిమిది యాభై మూడుకల్లా ముగ్గురి ఫోన్లూ మోగేవి. అప్పటికి తను ఇంకా సందు చివరే ఉంది.

పానాలపెట్టె తెరిచింది. కోపం ఒళ్ళంతా ఉంది, విసరడానికి మనిషి దొరకలేదు. పెట్టె సర్దకుండానే మూసేసింది.

గదిలోకి వచ్చి, కుర్చీ ముందు నేలమీద కూర్చుంది. "ఏం కావాలి మీకు?" అంది. మూడు నెలల కింద అడగాల్సిన మాట.

"పిడి," అన్నాడు వెంటనే. ఎంతకాలం నుంచి ఆలోచించి పెట్టుకున్నాడో. "పెద్ద పిడి. ఈ కుర్చీలోంచి చెయ్యి చాపితే అందాలి. మీ పెట్టెలు రెండూ చచ్చినా, మీరిద్దరూ ఊళ్ళో లేకపోయినా, నేను లాగితే మెషిన్ నడవాలి."

అంటే గోడకి మేకులు కొట్టి బిగించిన జంపర్. ఇరవై ఆరేళ్ళ చదువంతా వద్దు వద్దంది.

మరిది మొదటిసారి నోరు విప్పాడు. "సెల్స్ మీద బోర్డు ఎలాగూ ఉంది కదా. నిజంగా కాలిపోయే పరిస్థితి వస్తే అదే తెంపేస్తుంది. ఫ్యూజూ ఉంది. పిడి దాటేది మీ పెట్టెని ఒక్కదాన్నే." ఒక్క క్షణం ఆగి, "నేను వైరు కలిపేముందు సెల్స్ అన్నీ తాకి చూశాను వదినా. చల్లగానే ఉన్నాయి," అన్నాడు.

తను ఇందాక చేసిన పనే. వాడు ముందే చేశాడు, అదీ అన్న ఊపిరి అందక ఎగపోస్తుంటే. తను మాత్రం వాడిని అడగకుండానే అరిచింది.

మర్నాడు ఇద్దరూ సెలవు పెట్టి కూర్చున్నారు. ర్యాక్‌ని వాషింగ్ మెషిన్‌కి దూరంగా జరిపారు. తాళం పీకేసి బటన్ పెట్టారు. పేకముక్క ర్యాక్ పక్కన కాపలాకి చేరింది, ఏ స్విచ్చు మీదా దానికి పెత్తనం లేదు. వైరు ఎంత లావుండాలన్న దగ్గర మళ్ళీ మాటా మాటా అనుకున్నారు, పిడి ఏ ఎత్తులో ఉండాలన్న దగ్గర ఇంకోసారి. ఈసారి తగువు తీర్చింది కుర్చీలో మనిషే. చెయ్యి చాపి గోడ మీద వేలు పెట్టి, "ఇక్కడ," అన్నాడు. అక్కడే బిగించారు.

"దీనికి మంచి కార్డు వేశావా?" అంది ఆమె పేకముక్క వైపు చూడకుండా.

"వేశాను."

"ఇరవైసార్లు పీకుతాను."

"పీకు," అన్నాడు మరిది. మీరు పోయింది. క్షమించమని అడగడం ఆమెకి చేతకాదు. ఇరవైసార్లు పీకింది, ఇరవైసార్లూ లేచింది, "బానే ఉంది," అంది. వాడు దాన్నే తీసుకున్నాడు.

భర్త పిడి లాగి చూశాడు. టప్. వదిలి మళ్ళీ లాగాడు. టప్. ఐదారుసార్లు లాగాడు. ఆయన ముఖంలో కోపం ఆ రోజుకి తగ్గలేదు, ఆ తర్వాత వారం రోజులూ తగ్గలేదు. ఆమె తగ్గమని అడగలేదు.

శుక్రవారం పొద్దున్న ఆఫీసు స్టోరుగదిలో, హాజరు పుస్తకం పక్కన గోడమీద మేకు దగ్గర నిలబడింది. అడుగున పాతికేళ్ళ పచ్చ వైరు, దాని మీద రంగురంగుల ముక్కలు, ఒక్కోదానికి అట్టముక్క మీద ఒక పేరు. సంచీలోంచి ఎర్ర వైరు తీసింది. స్టోరుకీపరు చప్పున లేచాడు. కొత్త ముక్క వచ్చిందంటే ఎవడికో మూడిందన్నమాట.

"ఏ మేడ అక్కా?"

"మా ఇల్లు."

అట్టముక్క మీద తేదీ రాసింది. ఇల్లు అని రాసింది. ఆ తర్వాత తన అసలు పేరు, రిజిస్టరులో ఉన్న నిండు పేరు, ఇంటిపేరుతో సహా రాసింది.

స్టోరుకీపరు కళ్ళు పెద్దవయ్యాయి. "మీరు జంపర్ పెట్టారా?"

"పెట్టింది వేరేవాళ్ళు. పెట్టాల్సిన గతి పట్టించింది నేను."

"మరి రూలు ప్రకారం, పెట్టినవాళ్ళ పేరే కదక్కా..."

"ఆ రూలు నేను పెట్టిందే," అంది లిఫ్టక్క కసురుతూ. ఆ కసురు అతని మీద కాదని అతనికి తెలియదు.

ఎర్ర వైరుని మేకుకి తగిలించింది. నడుము గుత్తిలోంచి రీసెట్ తాళంచెవి విడదీసి, దాన్నీ అదే మేకుకి తగిలించింది. తర్వాత హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, పానాలపెట్టె తీసుకుని పనికి వెళ్ళిపోయింది.